కమ్యూనిటీ కాలేజీలో ఉన్నత స్థాయి యోగా ఉపాధ్యాయ శిక్షణ: ఎంపిక నుంచి ధ్రువపత్రం దాకా

200 గంటల ప్రాథమిక శిక్షణ ముగించుకుని కొంతకాలంగా తరగతులు చెబుతున్న యోగా ఉపాధ్యాయులకు, తమకు వచ్చినది చాలడం లేదన్న సంగతి ఒక దశలో అర్థమవుతుంది. ఆసనం చేసి చూపడం వచ్చు, గంటసేపు తరగతిని ఒక క్రమంలో నడపడం వచ్చు. అయితే ఎముకలు గుల్లబారాయని వైద్యులు చెప్పిన ఒక పెద్దావిడ వచ్చి, కాళ్లు చాచి కూర్చుని ముందుకు వంగే పశ్చిమోత్తానాసనం తాను చేయవచ్చా అని అడిగినప్పుడు కారణంతో సహా చెప్పగల జవాబు ఉండదు. దానిపై మరో 300 గంటలు సాగే ఉన్నత స్థాయి శిక్షణ అవసరమయ్యేది అక్కడే. మరింత కఠినమైన ఆసనాలు నేర్చుకుందామని ఈ శిక్షణలో చేరేవారు ఉంటారు కానీ, నా అభిప్రాయంలో అది దాని అసలు ప్రయోజనం కాదు; ఎదుట నిలబడిన మనిషి శరీరాన్ని గమనించి, ఆ మనిషికి ఏది తగునో ఏది తగదో నిర్ణయించగలగడమే దాని ప్రయోజనం. అమెరికాలో ఉంటున్నవారు ఈ శిక్షణను దగ్గరలోని కమ్యూనిటీ కాలేజీలో ఎలా వెతుక్కోవాలో, చేరే ముందు ఏమేం సరిచూసుకోవాలో, చేరాక చదువును ఎలా సాగించాలో ఇక్కడ వివరిస్తాను.

ముందుగా కమ్యూనిటీ కాలేజీయే ఎందుకన్న ప్రశ్న. 1901లో ఇలినాయ్ రాష్ట్రంలోని జోలియెట్ జూనియర్ కాలేజీతో మొదలైన ఈ ప్రభుత్వ కళాశాలలు స్థానికులకు తక్కువ ఖర్చుతో చదువు చెప్పడానికి ఏర్పడ్డాయి. ప్రైవేటు స్టూడియోల్లో 300 గంటల శిక్షణకు వేల డాలర్లు అవుతుంది. కాలేజీలో, ముఖ్యంగా స్థానిక నివాసిగా గుర్తింపు ఉన్నవారికి, అందులో చిన్న భాగంతోనే పని జరగవచ్చు. అయితే ఖర్చుకంటే నాకు ముఖ్యంగా తోచేవి మరి రెండు ఉన్నాయి. నర్సింగు విద్యార్థులకు శరీర నిర్మాణ శాస్త్రం చెప్పే కాలేజీల్లో అందుకు తగిన ప్రయోగశాలలు, నమూనా అస్థిపంజరాలు, అర్హత గల అధ్యాపకులు ఉంటారు. స్టూడియోల్లో ఇవి దొరకడం కష్టం. రెండవది, తోటి విద్యార్థుల వైవిధ్యం. ఉద్యోగం నుంచి విరమించినవారు, సైన్యంలో పనిచేసి వచ్చినవారు, రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చే నర్సులు, ఇరవై ఏళ్ల యువకులు ఒకే గదిలో ఉంటారు. రకరకాల శరీరాలకు బోధించడం నేర్చుకోవలసిన మనిషికి ఇంతకంటే మంచి తరగతి గది ఉండదు.

అన్ని కాలేజీల్లోనూ ఈ శిక్షణ ఉండదు. 200 గంటల ప్రాథమిక శిక్షణ ఇచ్చేవే ఎక్కువ. దానిపై 300 గంటల శిక్షణ ఇచ్చేవి తక్కువ. అందువల్ల వెతుకులాట కాలేజీ క్యాటలాగ్‌తో మొదలుపెట్టాలి. యోగా కోర్సులు ఒక కాలేజీలో కినీసియాలజీ (శరీర కదలికల శాస్త్రం) విభాగం కింద, మరొక చోట శారీరక విద్య కింద, ఇంకొక చోట డ్యాన్స్ విభాగం కింద, కొన్నిచోట్ల కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ కింద ఉంటాయి కాబట్టి, ఒక్క విభాగం పేజీ చూసి లేదనుకోకూడదు. ఎక్కడా స్పష్టత రాకపోతే సంబంధిత విభాగాధిపతికి క్లుప్తంగా ఒక ఈమెయిల్ రాయడం మేలు; కౌన్సెలర్లకు అన్ని విభాగాల కోర్సుల వివరాలూ గుర్తుండాలని లేదు.

క్రెడిట్ కోర్సా, కాదా

చేరేవారిలో చాలామంది పట్టించుకోని విషయం ఇది, తరువాత చిక్కులు వచ్చేదీ ఇక్కడే. కమ్యూనిటీ కాలేజీలో జరిగే శిక్షణ అంతా ఒకే రకం కాదు. కాలిఫోర్నియాను ఉదాహరణగా తీసుకుంటే అక్కడ మూడు దారులు ఉన్నాయి. మొదటిది క్రెడిట్ కోర్సు: మార్కులు ఉంటాయి, ట్రాన్స్‌క్రిప్ట్‌లో (కాలేజీ ఇచ్చే అధికారిక మార్కుల పత్రంలో) నమోదవుతుంది, రాష్ట్ర నివాసులకు 2012 నుంచి యూనిట్‌కు (కోర్సు పరిమాణాన్ని కొలిచే లెక్కకు) 46 డాలర్ల రుసుము ఉంది. రెండవది నాన్‌క్రెడిట్: దీనికి ట్యూషన్ రుసుము లేదు, యూనిట్లూ రావు. మూడవది కమ్యూనిటీ ఎడ్యుకేషన్ పేరుతో కాలేజీ తన ఖర్చులు తానే రాబట్టుకునే పద్ధతిలో నడిపే తరగతి: దీనికి కాలేజీ నిర్ణయించిన పూర్తి రుసుము చెల్లించాలి, అది ఒక్కోసారి బయటి స్టూడియో రుసుముకు దగ్గరగా ఉంటుంది. ఇతర రాష్ట్రాల్లో పేర్లు, రుసుములు వేరుగా ఉన్నా, క్రెడిట్ ఉన్నదీ లేనిదీ అన్న ప్రధాన విభజన దాదాపు అంతటా ఉంటుంది.

గంటలకూ యూనిట్లకూ ఉన్న లెక్కను కూడా అర్థం చేసుకోవాలి. కాలిఫోర్నియా పద్ధతిలో ఉపన్యాస తరగతికి ఒక యూనిట్ అంటే సెమిస్టర్‌కు సుమారు 18 గంటలు. ప్రయోగశాల తరహా తరగతికి ఒక యూనిట్ అంటే సుమారు 54 గంటలు. యోగాభ్యాస తరగతులను సాధారణంగా రెండో తరహాగా లెక్కిస్తారు, తత్త్వశాస్త్రం, శరీర శాస్త్రం వంటివాటిని మొదటి తరహాగా లెక్కిస్తారు. అందువల్ల 300 గంటల శిక్షణ మొత్తానికి వచ్చే యూనిట్లు, కోర్సుల కూర్పును బట్టి, 6 నుంచి 16 వరకు ఎంతైనా కావచ్చు. యూనిట్‌కు 46 డాలర్ల చొప్పున 12 యూనిట్లకు 552 డాలర్లు. దీనికి ఆరోగ్య రుసుము, పార్కింగు, పుస్తకాలు అదనం. అక్కడి నివాసులు కానివారికి యూనిట్ రుసుము అనేక రెట్లు ఎక్కువ ఉంటుంది కాబట్టి, నివాస గుర్తింపు నియమాలను అడ్మిషన్స్ కార్యాలయంలో ముందే అడిగి తెలుసుకోవాలి.

క్రెడిట్ కోర్సులో చేరినవారు మరొక సంగతి గుర్తుంచుకోవాలి. మధ్యలో మానేయదలిస్తే గడువులోగా అధికారికంగా ఉపసంహరించుకోవాలి. ఊరికే రావడం మానేస్తే ఎఫ్ గ్రేడు నమోదై శాశ్వతంగా ఉండిపోతుంది, తరువాత నర్సింగుకో మరో చదువుకో దరఖాస్తు చేసినప్పుడు అది అడ్డొస్తుంది. కాలిఫోర్నియాలోనైతే ఒకే కోవకు చెందిన శారీరక అభ్యాస కోర్సుల్లో నాలుగుసార్లకు మించి నమోదు కావడానికి వీలు లేదన్న నియమం కూడా ఉంది. సాధన కోసం ప్రాథమిక యోగా తరగతిని మళ్లీ మళ్లీ తీసుకుని ఆ అవకాశాలన్నీ ముందే ఖర్చు చేసుకోకుండా, శిక్షణలో ఏయే కోర్సులు తప్పనిసరో చూసుకుని నమోదు కావాలి.

ఆర్థిక సహాయం ఆశించేవారు నేరుగా ఫైనాన్షియల్ ఎయిడ్ కార్యాలయాన్ని సంప్రదించాలి. ఒక చిన్న సర్టిఫికెట్ కార్యక్రమానికి సమాఖ్య ప్రభుత్వపు గ్రాంటు వర్తిస్తుందని అనుకోవడానికి లేదు. కార్యక్రమం నిడివి, దాని స్వభావం, విద్యార్థి పౌరసత్వ స్థితి అన్నీ చూస్తారు. నాన్‌క్రెడిట్ తరగతులకు సాధారణంగా అది అందదు.

గుర్తింపు గురించి స్పష్టత

అమెరికాలో యోగా బోధించడానికి ప్రభుత్వ లైసెన్సు అంటూ లేదు. 1999లో ఏర్పడిన యోగా అలయన్స్ అన్న లాభాపేక్ష లేని సంస్థ నడిపే రిజిస్ట్రీయే ఆచరణలో ప్రమాణంగా చలామణీలో ఉంది. స్టూడియోలు, జిమ్‌లు, ఆసుపత్రుల వెల్‌నెస్ విభాగాలు ఉద్యోగ ప్రకటనల్లో ఆర్.వై.టి. (రిజిస్టర్డ్ యోగా టీచర్) 200 అనీ ఆర్.వై.టి. 500 అనీ అడిగేది ఆ రిజిస్ట్రీలోని హోదాలనే. ఆర్.వై.టి. 500 కావాలంటే 200 గంటల శిక్షణ, దానిపై 300 గంటల శిక్షణ పూర్తిచేసి, మొదటి శిక్షణ ముగిసిన తరువాత కనీసం 100 గంటలు బోధించి ఉండాలి. ఆ 300 గంటలు అలయన్స్‌లో నమోదైన ఒకే పాఠశాలలో పూర్తి కావాలి. అక్కడొక వర్క్‌షాపు, ఇక్కడొక వర్క్‌షాపు కలిపి లెక్క చూపడానికి వీలు లేదు.

ఇక్కడ ఒక తేడా గుర్తించాలి. కాలేజీకి ప్రాంతీయ అక్రెడిటేషన్ (విద్యాసంస్థగా అధికారిక గుర్తింపు) ఉన్నంత మాత్రాన, అందులోని యోగా శిక్షణ యోగా అలయన్స్‌లో నమోదైనట్టు కాదు. ఆ రెండింటికీ సంబంధం లేదు. కాబట్టి అలయన్స్ వెబ్‌సైటులోని పాఠశాలల జాబితాలో కాలేజీ పేరు ఉందో లేదో, ఉంటే అది 200 గంటల పాఠశాలగానా 300 గంటల పాఠశాలగానా అన్నది స్వయంగా చూసుకోవాలి. నమోదు లేని కార్యక్రమం పనికిరానిదని నేను అనను. శరీర శాస్త్రం బాగా చెప్పే కాలేజీ కోర్సు, పేరుకు మాత్రం నమోదై ఉన్న బలహీనమైన శిక్షణకంటే ఎంతో మేలు. కానీ చేరే విద్యార్థి లక్ష్యం ఆర్.వై.టి. 500 హోదా అయితే, చదువంతా అయిపోయాక ఆ హోదా రాదని తెలుసుకోవడం దుఃఖకరం.

ప్రాథమిక శిక్షణను భారతదేశంలో చేసి వచ్చినవారికి ఇంకొక మెలిక ఉంది. అక్కడి పాఠశాల యోగా అలయన్స్‌లో నమోదై ఉంటే ఆ ధ్రువపత్రం ఇక్కడ నేరుగా పనికొస్తుంది. ఆయుష్ మంత్రిత్వ శాఖ పరిధిలోని యోగా సర్టిఫికేషన్ బోర్డు ఇచ్చే ధ్రువపత్రం విలువైనదే అయినా, అది వేరే వ్యవస్థకు చెందినది. దాన్ని కాలేజీ అర్హతగా అంగీకరిస్తుందో లేదో లిఖితపూర్వకంగా జవాబు తీసుకోవాలి. ఫోనులో ఇచ్చిన హామీ సెమిస్టర్ మొదలయ్యేనాటికి ఎవరికీ గుర్తుండదు.

ఈ శిక్షణ మనిషిని యోగా థెరపిస్టును చేయదు. చికిత్సకు సంబంధించిన ఆ వృత్తికి 1989లో ఏర్పడిన ఇంటర్నేషనల్ అసోసియేషన్ ఆఫ్ యోగా థెరపిస్ట్స్ వేరే ప్రమాణాలు పెట్టింది. అందుకు ఉపాధ్యాయ శిక్షణ మీద కనీసం 800 గంటల ప్రత్యేక శిక్షణ కావాలి. 300 గంటలు చదివినవారు తరగతిని అనారోగ్యం ఉన్నవారికి అనువుగా మలచగలరు కానీ, ఫలానా జబ్బుకు చికిత్స చేస్తామని ప్రకటించుకోకూడదు. అలాగే, కాలేజీలోనే క్రెడిట్ కోర్సు బోధించే ఉద్యోగం ఆశించేవారికి ఆర్.వై.టి. 500 ఒక్కటే చాలదు. కాలిఫోర్నియా వంటి చోట్ల కినీసియాలజీ విభాగంలో బోధనకు సాధారణంగా మాస్టర్స్ డిగ్రీ అడుగుతారు.

వీసా మీద ఉన్నవారికి

హెచ్-4 వీసాపై ఉన్నవారు చదువుకోవచ్చు. డబ్బు తీసుకుని బోధించాలంటే మాత్రం పని అనుమతి పత్రం ఉండాలి. హెచ్-1బీ ఉద్యోగుల జీవిత భాగస్వాముల్లో కొందరికి 2015 నుంచి ఆ పత్రం ఇస్తున్నారు. హెచ్-1బీపై ఉన్నవారు సాయంత్రాలు చదువుకోవడానికి అడ్డు లేదు కానీ, వారి ఉద్యోగ అనుమతి స్పాన్సర్ చేసిన సంస్థకే పరిమితం కాబట్టి వారాంతంలో స్టూడియోలో జీతానికి తరగతి చెప్పడం ఆ అనుమతి పరిధిలోకి రాదు. ఎఫ్-1 విద్యార్థులు తమ కాలేజీలోని అంతర్జాతీయ విద్యార్థుల అధికారిని అడగనిదే ఏ అడుగూ వేయకూడదు. కోర్సులో భాగంగా సహవిద్యార్థులకు బోధించడం వేరు, బయట ప్రజలకు తరగతులు నడపడం వేరు. ఉచితంగా చెప్పినా సరే, సాధారణంగా జీతమిచ్చి చేయించే పనిని ఉచితంగా చేయడం కూడా ప్రశ్నార్థకం కావచ్చు. 100 గంటల బోధన లెక్క పూర్తి చేయాలన్న తొందరలో ఉన్నవారు ఇమ్మిగ్రేషన్ న్యాయవాదితో ఒకసారి మాట్లాడి ముందుకు వెళ్లాలి.

చేరే ముందు చూడవలసిన సిలబస్

కార్యక్రమం మంచిదో కాదో బ్రోషరు చూసి తెలియదు, సిలబస్ చూస్తే తెలుస్తుంది. కాలేజీ కోర్సులకు అధికారిక కోర్సు పత్రం ఒకటి ఉంటుంది; అడిగితే ఇస్తారు, చాలాచోట్ల ఆన్‌లైన్‌లోనే ఉంటుంది. అందులో నేను ముందుగా చూడమనేది, విద్యార్థి బోధించగా అధ్యాపకుడు గమనించి అభిప్రాయం చెప్పే గంటలు ఎన్ని అన్నది. ఆ గంటలు పది లోపే ఉంటే, మిగతా విషయాలు ఎంత ఆకర్షణీయంగా ఉన్నా నేను సందేహిస్తాను. తరువాత శరీర శాస్త్రం చెప్పేది ఎవరో చూడాలి. మూలగ్రంథాలను అసలు పాఠంతో చదివిస్తారా, లేక సారాంశాలతో సరిపెడతారా అన్నది కూడా అడగాలి. ప్రధాన అధ్యాపకులు ఇ-ఆర్.వై.టి. 500 (అనుభవం గల రిజిస్టర్డ్ టీచర్) హోదా ఉన్నవారై ఉండాలి. కనీసం నాలుగేళ్ల అనుభవం, 2000 గంటల బోధన ఉంటేనే ఆ హోదా వస్తుంది. వీలైతే వారి మామూలు తరగతికి ఒకసారి వెళ్లి కూర్చోవడం అన్నిటికంటే ఉత్తమమైన పరీక్ష. ఆయన లేదా ఆవిడ గదిలో అందరికంటే ఇబ్బంది పడుతున్న విద్యార్థి దగ్గర ఎంతసేపు నిలబడ్డారో గమనిస్తే చాలు.

కాలం సంగతి కూడా లెక్క వేసుకోవాలి. వారానికి 6 గంటల చొప్పున 16 వారాల సెమిస్టర్‌లో 96 గంటలు పూర్తవుతాయి. ఆ లెక్కన 300 గంటలకు మూడు సెమిస్టర్లకు పైగా పడుతుంది. వారాంతానికి 10 గంటల చొప్పున నడిపే కార్యక్రమమైతే 30 వారాంతాలు. తరగతి గంటకు బయట కనీసం అంతే సమయం చదువుకు, సాధనకు కావాలి. ఇంట్లో చిన్నపిల్లలున్నవారు, షిఫ్టుల్లో పనిచేసేవారు ఈ లెక్కను కుటుంబంతో కూర్చుని ముందే మాట్లాడుకోవాలి. హాజరు నియమాలు కఠినంగా ఉంటాయి. పోగొట్టుకున్న గంటలను ఎలా పూరించుకోవచ్చో మొదటి రోజే అడగాలి.

శరీర శాస్త్రం: శిక్షణకు ప్రాణం

అరచేతులూ పాదాలూ నేలకు ఆన్చి తుంటిని పైకెత్తే అధోముఖ శ్వానాసనాన్ని తీసుకుందాం. ఈ ఆసనంలో భుజాలను చెవులకు దూరంగా, నడుము వైపు లాగమని చెప్పడం చాలా తరగతుల్లో వినిపించే సూచన. విన్నప్పుడు సబబుగానే ఉంటుంది. కానీ చేతులు తల పైకి చాచి ఉన్న స్థితిలో భుజం ఎలా పనిచేస్తుందో చూస్తే ఆ సూచనలోని లోపం తెలుస్తుంది. చేయి పూర్తిగా పైకి లేచినప్పుడు జరిగే సుమారు 180 డిగ్రీల కదలికలో దాదాపు 120 డిగ్రీలు భుజపు కీలు నుంచి వస్తే, మిగిలిన 60 డిగ్రీలు భుజం వెనుకనున్న రెక్క ఎముక పైకి తిరగడం వల్ల వస్తాయి. రెక్క ఎముకను బలంగా కిందికి లాగి పట్టుకుంటే ఆ తిరుగుడుకు అడ్డు తగులుతుంది. భుజం పైభాగంలో ఎముకల నడుమ ఉండే చోటు ఇరుకై, కొందరికి అక్కడ నొక్కుడు, నొప్పి మొదలవుతాయి. దానికి బదులు, అరచేతులతో నేలను దూరంగా నెట్టి, రెక్క ఎముకలను పక్కలకు, పైకి తిరగనిమ్మని చెబితే పక్కటెముకలను అంటిపెట్టుకుని ఉండే సెర్రేటస్ కండరం, మెడ నుంచి వీపు దాకా పరచుకున్న ట్రెపీజియస్ కండరం కలిసి పనిచేస్తాయి. మెడ బిగుసుకుపోయే విద్యార్థికి అప్పుడు వేరే మాట చెప్పవచ్చు. కానీ అందరికీ ఒకే మాట చెప్పడం మానేస్తాం. ప్రయోగశాలలో అస్థిపంజరం చేతిని పైకెత్తి రెక్క ఎముక ఎటు తిరుగుతుందో స్వయంగా చూసిన విద్యార్థి ఈ పాఠాన్ని మరచిపోడు. శిక్షణలో ఉన్నన్నాళ్లూ, అలవాటుగా చెప్పే ప్రతి సూచననూ ఇలాగే ఎముకల మీద పెట్టి చూసుకోవాలి.

పద్మాసనం విషయంలోనూ అంతే. తుంటి గిన్నె లోతు, అది తిరిగి ఉన్న దిశ, తొడ ఎముక మెడ కోణం మనిషికీ మనిషికీ మారుతాయి. ఎముకకు ఎముక తగిలే చోట ఎన్నేళ్లు సాధన చేసినా కదలిక పెరగదు. బలవంతం చేస్తే ఆ భారం మోకాలి మీద పడుతుంది. విద్యార్థికి సోమరితనమో పట్టుదల లేకపోవడమో కారణమని అనుకునే ఉపాధ్యాయుడు ఎందరి మోకాళ్లనో చెడగొట్టగలడు.

మొదట్లో చెప్పిన పెద్దావిడ ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే దొరుకుతుంది. ఎముకలు గుల్లబారినవారిలో వెన్నెముకను ముందుకు గుండ్రంగా వంచినప్పుడు వెన్నుపూసల ముందు భాగంపై ఒత్తిడి పెరిగి, అవి నలిగి విరిగే ప్రమాదం ఉంది. కాబట్టి తలను మోకాళ్లకు ఆనించే పశ్చిమోత్తానాసనం ఆవిడకు తగదు. కుర్చీ అంచున కూర్చోబెట్టి, వెన్ను నిటారుగా ఉంచి, తుంటి దగ్గర నుంచి మాత్రమే కొద్దిగా ముందుకు వంగమనడం తగినది. గ్లాకోమా ఉన్నవారిలో తలకిందులయ్యే ఆసనాలు కంటిలోని ఒత్తిడిని పెంచుతాయి. రక్తపోటు ఎక్కువగా ఉన్నవారికి దీర్ఘమైన కుంభకం (శ్వాసను ఆపి ఉంచడం) మంచిది కాదు. ఇలాంటి ప్రతి సందర్భానికీ ఒక పేజీ చొప్పున సొంత నోటుపుస్తకం తయారు చేసుకోమని నా గట్టి సలహా: ఏ స్థితి, దేన్ని మానుకోవాలి, ఎందుకు, బదులు ఏం చేయించాలి, ఎప్పుడు వైద్యుల అనుమతి అడగాలి. పాఠ్యపుస్తకం తరువాత మూలన పడుతుంది, ఈ నోటుపుస్తకం మాత్రం రోజూ చేతిలో ఉంటుంది.

మూలగ్రంథాలను చదివే తీరు

పతంజలి యోగసూత్రాలు, భగవద్గీత, స్వాత్మారాముడి హఠయోగ ప్రదీపిక, ఘేరండ సంహిత ఈ శిక్షణలో సాధారణంగా కనిపించే గ్రంథాలు. చిన్నప్పటి నుంచి ఈ పేర్లు విన్న తెలుగువారు ఈ భాగం తమకు సులువని అనుకునే అవకాశం ఉంది. పేరు తెలిసినంత మాత్రాన గ్రంథం తెలిసినట్టు కాదు. యోగసూత్రాలు 196 అని చెప్పే పాఠంలో ఆసనం గురించి నేరుగా చెప్పినవి రెండో అధ్యాయమైన సాధనపాదంలోని 46, 47, 48 సూత్రాలు మాత్రమే. మిగిలినదంతా చిత్తవృత్తుల గురించి, క్లేశాల గురించి, సమాధి గురించి. ఈ ఒక్క విషయాన్ని తీరికగా ఆలోచిస్తే, తరగతిలో గంటసేపు ఆసనాలతోనే గడిపే మన పద్ధతి ఎప్పుడు, ఎలా వచ్చిందన్న ప్రశ్న పుడుతుంది. దానికి జవాబు వెతికేటప్పుడు 1893లో వివేకానందుడి చికాగో ప్రసంగం నుంచి, 1930లలో మైసూరు రాజభవనంలో కృష్ణమాచార్యులు నడిపిన యోగశాల మీదుగా, 1947లో ఆయన శిష్యురాలు ఇంద్రాదేవి హాలీవుడ్‌లో తెరిచిన స్టూడియో దాకా సాగిన చరిత్ర చదవవలసి వస్తుంది. సెమిస్టర్ వ్యాసానికి ఇంతకంటే మంచి అంశం నాకు తోచదు.

ప్రాణాయామం చదివేటప్పుడు గ్రంథాన్నీ శరీర శాస్త్రాన్నీ పక్కపక్కన పెట్టుకోవాలి. పూరకానికి (శ్వాస పీల్చడానికి) 16, కుంభకానికి 64, రేచకానికి (శ్వాస వదలడానికి) 32 మాత్రల కాలమని ఘేరండ సంహిత చెబుతుంది. సింహాన్నీ ఏనుగునూ పులినీ మచ్చిక చేసుకున్నట్టు వాయువును మెల్లమెల్లగానే వశం చేసుకోవాలనీ, లేకపోతే అది సాధకుణ్ణే హరిస్తుందనీ హఠయోగ ప్రదీపిక హెచ్చరిస్తుంది. ఆ లెక్కను మాత్రం గుర్తుపెట్టుకుని ఆ హెచ్చరికను వదిలేసే ఉపాధ్యాయుడు, బీపీ మందులు వేసుకునే విద్యార్థికి ప్రమాదకరం.

ఇది ప్రభుత్వ కాలేజీ అన్నది మరవకూడదు. గ్రంథాలను విద్యావిషయంగా బోధిస్తారు. పూజ, ప్రార్థన తరగతిలో భాగం కావు. యోగా మతమా కాదా అన్న వివాదం కోర్టుల దాకా వెళ్లింది కూడా: ఎన్‌సినీటాస్ పాఠశాలల్లోని యోగా తరగతులు మతబోధన కిందికి రావని కాలిఫోర్నియా అప్పీలు కోర్టు 2015లో తీర్పు చెప్పింది. తోటి విద్యార్థుల్లో వివిధ మతాలవారు, ఏ మతమూ లేనివారు ఉంటారు. వారి సంస్కృత ఉచ్చారణ తడబడితే అడిగినప్పుడు ఓపికగా సాయం చేయడం మంచిది, అడగకుండా సరిదిద్దడం మంచిది కాదు. మనకు తెలియని శరీర శాస్త్ర పదాలను వారు మనకు చెబుతారు.

బోధనాభ్యాసం

పాఠప్రణాళిక రాయకుండా ఏ అభ్యాస తరగతికీ వెళ్లకూడదు. ప్రణాళికలో ఆసనాల జాబితా రాస్తే సరిపోదు. ఈ తరగతి ఎవరికి, దేన్ని సాధించడానికి, ఏ ఆసనానికి ఏ ఆసనం దారి తీస్తోంది, చేయలేనివారికి ప్రత్యామ్నాయం ఏమిటి అన్నవి ఉండాలి. తరగతి అయ్యాక అదే కాగితం మీద, అనుకున్నదానికీ జరిగినదానికీ తేడా ఎక్కడ వచ్చిందో రాసుకోవాలి. గదిలో ఉన్నవారి అనుమతితో వీడియో తీసుకుంటే ఇంకా మంచిది. తన గొంతును తాను వినడం మొదట్లో ఎవరికీ నచ్చదు, అయినా మాట వేగం, అనవసరంగా వచ్చే ఊతపదాలు, ఒకే మూలకు చూస్తూ మాట్లాడే అలవాటు వీడియోలోనే పట్టుబడతాయి.

విద్యార్థిని తాకి సరిచేయడం గురించి కాలేజీ నియమాలు కచ్చితంగా ఉంటాయి, ఉండాలి కూడా. విద్యాసంస్థల్లో లింగ వివక్షను నిషేధించే 1972 నాటి టైటిల్ నైన్ చట్టం కాలేజీలకు వర్తిస్తుంది. ప్రతి తరగతిలో, ప్రతిసారీ అడిగి, అవునన్నాకే చేయి వేయాలి. నిన్న అవునన్న మనిషి ఇవాళ కాదనవచ్చు, కారణం చెప్పనవసరం లేదు. మాటతో సరిచేయగలిగినదాన్ని చేతితో సరిచేయకపోవడం నైపుణ్యానికి గుర్తు. వినికిడి లోపమో, చదవడంలో ఇబ్బందో, మరే వైకల్యమో ఉన్న శిక్షణార్థులు కాలేజీలోని వికలాంగుల సేవా విభాగంలో మొదటి వారంలోనే నమోదు చేసుకుంటే పరీక్షలకు అదనపు సమయం వంటి సౌకర్యాలు లభిస్తాయి. మధ్య సెమిస్టర్‌లో అడిగితే జరిగిపోయిన పరీక్షలకు అవి వర్తించవు.

చదువు ముగిశాక

చివరి సెమిస్టర్‌లో గ్రాడ్యుయేషన్ లేదా సర్టిఫికెట్ దరఖాస్తు చేయాలి. కోర్సులన్నీ పాసైనా దరఖాస్తు చేయనివారికి చాలా కాలేజీలు సర్టిఫికెట్ వాటంతట అవి పంపవు. ఆ పత్రంతో యోగా అలయన్స్ వెబ్‌సైటులో నమోదు రుసుము చెల్లించి ఆర్.వై.టి. 500 కోసం దరఖాస్తు చేసుకోవచ్చు. హోదా వచ్చాక ప్రతి మూడేళ్లకూ కనీసం 45 గంటల బోధన, 30 గంటల తదుపరి శిక్షణ చూపాలి కాబట్టి మొదటి తరగతి నుంచే తేదీ, స్థలం, గంటలు ఒక పట్టికలో రాసిపెట్టుకోవాలి. బోధన మొదలుపెట్టే ముందు వృత్తి బాధ్యతా బీమా తీసుకోవాలి, సీపీఆర్ (గుండె ఆగినప్పుడు చేసే ప్రథమ చికిత్స) శిక్షణ పొందాలి. రెడ్ క్రాస్, అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఇచ్చే సీపీఆర్ కార్డు గడువు రెండేళ్లు. స్టూడియో ఉద్యోగిగా తీసుకుంటోందా, స్వతంత్ర కాంట్రాక్టరుగా తీసుకుంటోందా అన్నది ఒప్పందంపై సంతకం పెట్టేముందు చదవాలి, పన్నుల లెక్క దాన్ని బట్టి మారుతుంది.

మొదటి తరగతులకు స్టూడియోలకంటే సీనియర్ సెంటర్లు, పార్కుల విభాగాలు, గ్రంథాలయాలు అనుకూలమైనవని నా నమ్మకం. అక్కడికి వచ్చేవారి శరీరాలు ఈ శిక్షణలో నేర్చుకున్న ప్రతిదాన్నీ అడుగుతాయి. దరఖాస్తుతో పాటు ఒక నమూనా పాఠప్రణాళిక, అందులో కుర్చీతో చేయించే ప్రత్యామ్నాయాలు జతపరిస్తే అక్కడి నిర్వాహకులు ఆసక్తి చూపుతారు. కోర్సుల సిలబస్‌లు, అధ్యాపకుల సంతకమున్న గంటల పత్రాలు అన్నీ స్కాన్ చేసి రెండు చోట్ల భద్రపరచుకోవాలి. కాలేజీలు కార్యక్రమాలను ఆపేస్తుంటాయి, అధ్యాపకులు వెళ్లిపోతుంటారు. ఐదేళ్ల తరువాత థెరపీ శిక్షణకో, మరో రాష్ట్రంలో ఉద్యోగానికో పాత సిలబస్ అడిగినప్పుడు అది సొంత ఫైలులో ఉండాలి.